వేసవి క్యాంపుకు వెళ్లే టైప్ 1 పిల్లలు: ఇంటి డోసు క్యాంపులో ఎందుకు సరిపోదు

టైప్ 1 మధుమేహం ఉన్న బిడ్డను వారం రోజుల వేసవి క్యాంపుకు పంపాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మన ఇళ్లలో సాధారణంగా రెండు జవాబులే వినిపిస్తాయి. ఒకటి, ‘ఎందుకొచ్చిన గొడవ, ఇంట్లోనే ఉండనీ’ అనడం. రెండోది, నిర్వాహకులకు జబ్బు సంగతి చెప్పకుండా, బ్యాగు అడుగున ఇన్సులిన్ పెన్ను పెట్టి, ‘ఎవరూ చూడకుండా వేసుకో’ అని చెప్పి పంపడం. మొదటిదానిలో తోటి పిల్లలకు దక్కే ఆటలూ స్నేహాలూ బిడ్డకు దక్కకుండా పోతాయి, రెండోదానిలో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. క్రికెట్ శిబిరమైనా, స్కౌట్స్ శిబిరమైనా, సంగీతం నేర్పే శిబిరమైనా, తగిన సన్నాహంతో ఈ పిల్లలు నిశ్చింతగా వెళ్లి రాగలరు. అయితే ఆ సన్నాహం సామాను సర్దడంతో మొదలవదు, ఇంట్లో సరిపోతున్న డోసు క్యాంపులో ఎందుకు సరిపోదో అర్థం చేసుకోవడంతో మొదలవుతుంది.

టైప్ 1లో క్లోమం ఇన్సులిన్ తయారుచేయడం దాదాపు పూర్తిగా మానేస్తుంది కాబట్టి ఆ పనిని సూదులతోనో పంపుతోనో మనుషులే చేయాల్సి వస్తుంది. ఇంట్లో స్థిరపడిన డోసు కేవలం బిడ్డ బరువును బట్టి వచ్చిన అంకె అనుకుంటే పొరపాటు. ఆ ఇంటి వంట, బడి వేళలు, సాయంత్రం ఆట, పడుకునే సమయం, వీటన్నిటికీ కుదిరేలా నెలల తరబడి దిద్దుకుంటూ వచ్చిన అంకె అది. పైగా దానిని ఏ రోజుకు ఆ రోజు సవరించే మనిషి ఒకరు ఇంట్లో ఉంటారు, చాలా ఇళ్లలో ఆ మనిషి అమ్మే. ఇవాళ బడిలో ఆటల పోటీ ఉంది కదా అని ఒక యూనిట్ తగ్గించడం, ముఖం పాలిపోతే అడగకుండానే మీటర్ తీయడం, అన్నం సగంలో వదిలేస్తే పాలు కలిపి ఇవ్వడం వంటి నిర్ణయాలు ఏ కాగితం మీదా ఉండవు. క్యాంపులో తిండి, శ్రమ, ఎండ, నిద్ర ఒకేసారి మారిపోతాయి, సవరించే అమ్మా దగ్గర ఉండదు. ఇన్నాళ్లూ ఆమె తలలోనే ఉన్న ఈ నిర్ణయాలను బయటికి తీసి, కొన్ని బిడ్డకూ, కొన్ని క్యాంపులో ఉండే ఒక బాధ్యత గల పెద్దకూ, కొన్ని డాక్టరు ముందుగా రాసిచ్చే కాగితానికీ అప్పగించాలి. సన్నాహంలో అసలు పని ఇదే.

అన్నిటికన్నా పెద్ద మార్పు శ్రమ. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తం నుంచి గ్లూకోజు తీసుకోగలదు, పైగా శ్రమ తర్వాత గంటల తరబడి శరీరం ఇన్సులిన్‌కు మామూలుకన్నా ఎక్కువగా స్పందిస్తుంది. ఆడుతున్నప్పుడు ఖర్చయిన నిల్వలను కండరాలూ కాలేయమూ రాత్రి తిరిగి నింపుకుంటాయి కాబట్టి, సాయంత్రం ఆడిన ఆట ఫలితం ఏడు నుంచి పదకొండు గంటల తర్వాత, అంటే అర్ధరాత్రి దాటాక షుగర్ పడిపోయే రూపంలో కనిపించవచ్చు. తల్లిదండ్రులు మైదానంలో జరిగే ప్రమాదం గురించే ఎక్కువగా భయపడతారు. మైదానంలో కనీసం చుట్టూ పది మంది ఉంటారు, బిడ్డ మెలకువగా ఉంటుంది. అందరూ అలసి నిద్రపోయిన డార్మిటరీలో తెల్లవారుజామున షుగర్ పడిపోతే గమనించేవారు ఉండరు. అందుకే ఈ వారం మొత్తంలో ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది రాత్రుల మీదే అని నా గట్టి అభిప్రాయం.

ఈ ప్రమాదం ఎంత అన్నది బిడ్డ వాడే ఇన్సులిన్ రకాన్ని బట్టి మారుతుంది. రోజుకొకసారి దీర్ఘకాలం పనిచేసే గ్లార్జిన్ లేదా డెగ్లుడెక్, భోజనానికి ముందు వేగంగా పనిచేసే ఇన్సులిన్ వాడే పిల్లలకు కొంత వెసులుబాటు ఉంటుంది. భోజనం ఆలస్యమైతే ఆ పూట సూదినీ ఆలస్యం చేయవచ్చు. కొద్ది గంటలే పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్‌తో పాటు అంతకన్నా ఎక్కువసేపు పనిచేసే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్, లేదా రెండూ కలిపిన 30/70 మిశ్రమం వాడే పిల్లలు మన దగ్గర ఇప్పటికీ చాలామంది ఉన్నారు, ధర తక్కువ కావడం అందుకు ఒక కారణం. వీరికి ఉదయం వేసిన మిశ్రమం మధ్యాహ్న భోజన వేళకు తన పని తాను చేస్తుంది, అప్పటికి కంచంలో అన్నం ఉన్నా లేకపోయినా. సాయంత్రం వేసిన ఎన్‌పీహెచ్ ఉధృతి సరిగ్గా అర్ధరాత్రి ప్రాంతంలో వస్తుంది కాబట్టి, ఆట వల్ల రాత్రి వచ్చే తగ్గుదలా ఇదీ ఒకే వేళలో కలుస్తాయి. ఇలాంటి బిడ్డ క్యాంపుకు వెళ్తుంటే భోజనం వేళలు అరగంటకు మించి జరగకూడదని నిర్వాహకులకు ముందే స్పష్టంగా చెప్పాలి, పదకొండు గంటలకూ సాయంత్రం అయిదింటికీ పడుకునే ముందూ చిరుతిండి తప్పనిసరి అని రాసి ఇవ్వాలి. క్యాంపు దృష్ట్యా కొత్త ఇన్సులిన్‌కు మారాలనుకుంటే అది బయలుదేరే ముందు వారం చేయాల్సిన పని కాదు, డాక్టరు సలహాతో కొన్ని నెలల ముందే మారి అలవాటు పడాలి.

శ్రమ పెరిగే క్యాంపులలో మొదటి రోజు నుంచే మూల ఇన్సులిన్‌ను, అంటే భోజనంతో సంబంధం లేకుండా నిదానంగా పనిచేసే దీర్ఘకాల ఇన్సులిన్‌ను, 10 నుంచి 20 శాతం తగ్గించి, తర్వాత మీటర్ చూపే అంకెలను బట్టి సవరించడం చాలాకాలంగా డాక్టర్లు పాటిస్తున్న పద్ధతి. ఎంత తగ్గించాలో, అసలు తగ్గించాలో లేదో బిడ్డను చూసే డాక్టరే చెప్పాలి. రోజంతా కూర్చుని వీణ నేర్చుకునే శిబిరానికి తగ్గింపు అవసరం లేకపోవచ్చు, ఒక్కోసారి పెంచాల్సి కూడా రావచ్చు. బయలుదేరడానికి రెండు మూడు వారాల ముందు, క్యాంపు దినచర్య కాగితాన్ని చేతిలో పట్టుకుని డాక్టరును కలిస్తే ఆ సంభాషణ పనికొచ్చే విధంగా సాగుతుంది. సాధారణంగా ఆటకు దిగే ముందు షుగర్ 126 నుంచి 180 మధ్య ఉంటే మంచిది. 90 కన్నా తక్కువ ఉంటే ముందు ఏదైనా తినాలి, 270 దాటితే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు శరీరం కొవ్వును కరిగించడంతో రక్తంలో చేరే ఆమ్లాలు) చూడకుండా ఆడకూడదు. పరుగు పందేనికి ముందు తొడకు వేసిన సూది కాలి కదలికల వల్ల త్వరగా రక్తంలో కలిసిపోతుంది కాబట్టి ఆ పూట పొట్ట దగ్గర వేసుకోవడం మేలు. పడుకునే ముందు ఒకసారి, రాత్రి రెండు మూడు గంటల మధ్య ఒకసారి షుగర్ చూడాలి. అంకె ఎంతకన్నా తక్కువ ఉంటే తినిపించాలో, ఏమి తినిపించాలో డాక్టరు కాగితంలో ఉండాలి. ఆ అర్ధరాత్రి పరీక్షకు అలారం పెట్టుకుని లేచేది ఎవరు అన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా రానంతవరకూ సన్నాహం పూర్తి కానట్టే.

ఇక ఎండ. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న పెన్ను లేదా సీసా గది ఉష్ణోగ్రతలో, అంటే 25 నుంచి 30 డిగ్రీల వరకూ, సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. మే నెలలో రామగుండంలోనో కర్నూలులోనో నీడలోనే 42, 43 డిగ్రీలు దాటుతుంటే ఆ ‘గది ఉష్ణోగ్రత’ అన్న మాటకు అర్థం లేదు. ఎండలో ఆగిన బస్సులో ఉన్న బ్యాగు లోపల వేడి ఇంకా ఎక్కువ. వేడికి సత్తువ కోల్పోయిన ఇన్సులిన్ చూడటానికి చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. కారణం తెలియకుండా రెండు పూటలు వరుసగా అంకెలు పెరుగుతూ పోతే కొత్త పెన్ను తెరవడమే మార్గం, అందుకే వారానికి సరిపడేదానికి రెట్టింపు తీసుకెళ్లి రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి. ఫ్రిజ్ లేని చోట మట్టికుండ నిజంగా పనిచేస్తుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఇన్సులిన్ పెట్టి, పైన తడిగుడ్డ కప్పితే నీరు ఆవిరయ్యే కొద్దీ లోపల చల్లబడుతుంది. గాలి పొడిగా ఉండే తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇది బాగా కుదురుతుంది, ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తాలో నీరు త్వరగా ఆవిరి కాదు కాబట్టి అంత చలువ రాదు. నీటిలో తడిపి వాడే ఇన్సులిన్ సంచులకూ ఇదే సూత్రం, ఇదే పరిమితి. క్యాంపు వంటగదిలో ఫ్రిజ్ ఉంటే మరో ప్రమాదం ఉంది. ఎవరో మంచి మనసుతో ‘మందు కదా, బాగా చల్లగా ఉండాలి’ అని ఫ్రీజర్‌లో పెడతారు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక ఎలా కనిపించినా పారేయాల్సిందే. మంచుగడ్డకు నేరుగా ఆనించి తీసుకెళ్లడమూ అందుకే తప్పు.

మన దేశంలో ప్రత్యేకంగా ఉన్న ఇంకో అపాయాన్ని ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది సరిగ్గా క్యాంపుల్లాంటి చోట్లే జరుగుతుంది. మన మెడికల్ షాపుల్లో దొరికే సాధారణ ఇన్సులిన్ సీసాలలో ఎక్కువ భాగం ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జులు 100 యూనిట్లవి. సిరంజిలు కూడా రెండు రకాలు, ఎర్ర మూత ఉన్నది 40కి, నారింజ రంగు మూత ఉన్నది 100కి. పెన్ను పాడైందని ఎవరో దగ్గర్లోని షాపు నుంచి ఎర్ర మూత సిరంజి తెచ్చి, కార్ట్రిడ్జ్ నుంచి 10 గీత వరకూ లాగితే శరీరంలోకి వెళ్లేది 10 యూనిట్లు కాదు, 25. చిన్న పిల్లలకు ఇది ప్రాణాంతకం కావచ్చు. తిరగేసి చేస్తే డోసు సగానికన్నా తక్కువవుతుంది. రెండో పెన్ను ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం, ‘కార్ట్రిడ్జ్ నుంచి సిరంజితో తీయరాదు’ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించడం ఈ తప్పును ఆపే సులువైన మార్గాలు.

ఎండాకాలపు క్యాంపులో మరో చిక్కు, లక్షణాలు ఒకదాన్నొకటి కప్పేయడం. చెమటలు, వణుకు, నీరసం, చిరాకు షుగర్ పడిపోవడానికి గుర్తులు. ఎండలో గంటసేపు ఆడిన ఏ పిల్లలకైనా ఇవే ఉంటాయి. వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన దాహం, లోతుగా వేగంగా శ్వాస తీయడం కీటోన్లు పెరిగి కీటోఅసిడోసిస్ వైపు, అంటే రక్తం ప్రమాదకరంగా ఆమ్లమయ్యే స్థితి వైపు వెళ్తున్నదానికి గుర్తులు, మన ఊళ్లలో వాటిని చూసిన వెంటనే అందరి నోటా వచ్చే మాట వడదెబ్బ, లేదంటే తిన్నది పడలేదని. ఇందువల్ల క్యాంపు సిబ్బందికి చెప్పాల్సిన నియమం ఒక్కటే: ఈ బిడ్డకు ఏ తేడా కనిపించినా ముందు మీటర్ తీయాలి, మీటర్ అందుబాటులో లేకపోతే షుగర్ పడిపోయిందనే అనుకుని తీపి ఇవ్వాలి. వాంతులు అవుతున్నాయి, తిండి తినడం లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా ఆపేయడం తెలియక చేసే తప్పులన్నిటిలోకీ పెద్దది. ఒంట్లో బాగా లేనప్పుడు మూల ఇన్సులిన్ ఎప్పుడూ ఆగకూడదు. కీటోన్ స్ట్రిప్పులు సామానులో ఉండాలి, రక్తంలో కీటోన్ లీటరుకు 1.5 మిల్లీమోల్ దాటినా, వాంతులు ఆగకపోయినా క్యాంపులో ప్రయోగాలు చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఓఆర్‌ఎస్ గురించి భయం అక్కర్లేదు, ప్రామాణిక ప్యాకెట్‌లో లీటరుకు సుమారు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. రెండూ ఒకటేనని దాని బదులు గ్లూకోజు పొడి నీళ్లు గ్లాసులకు గ్లాసులు పట్టించడం మాత్రం వేరే సంగతి.

షుగర్ 70 కన్నా తక్కువకు పడిపోతే చేయాల్సింది చాలామంది తల్లిదండ్రులకు కంఠతా వచ్చు, అయితే క్యాంపులో ఉన్నవారికి అది కొత్త. పెద్ద పిల్లలకు సుమారు 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి లేదా చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి, చిన్న పిల్లలకు బరువును బట్టి ఇంకా తక్కువ చాలు. చాక్లెట్‌లోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది కాబట్టి ఆ సమయానికి అది పనికిరాదు, డైట్ కూల్‌డ్రింకులో అసలు చక్కెరే ఉండదు. స్పృహ లేని బిడ్డ నోట్లో నీళ్లు కానీ తేనె కానీ పోయకూడదు, ఊపిరి గొట్టంలోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. పడిపోయిన షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ మన దగ్గర అన్ని షాపుల్లో దొరకదు, డాక్టరు ద్వారా సంపాదించగలిగితే 25 కిలోల లోపు పిల్లలకు అర మిల్లీగ్రాము, ఆపైన ఒక మిల్లీగ్రాము. దొరకని పక్షంలో, సెలైన్ ద్వారా గ్లూకోజు ఎక్కించగల ఆసుపత్రి క్యాంపుకు ఎంత దూరంలో ఉందో, రాత్రిపూట అక్కడ డాక్టరు ఉంటారో లేదో ముందే స్వయంగా వెళ్లి కనుక్కోవాలి.

తిండి విషయంలో మనవాళ్లు అవసరానికి మించి కంగారుపడతారు. క్యాంపులో బిడ్డకు వేరే కంచం, వేరే వంట అక్కర్లేదు, ఎంత పెట్టారో తెలిస్తే చాలు. వండిన అన్నం వంద గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం, మామిడిపండు గుజ్జు వంద గ్రాములలో సుమారు 15 గ్రాములు ఉంటాయి కాబట్టి మామిడి తినకూడదన్న నిషేధానికి ఆధారం లేదు, లెక్కలోకి తీసుకోవాలంతే. ఇంటి గరిటెతో అలవాటైన కొలత క్యాంపు గరిటెకు సరిపోదు, అందుకే బయలుదేరే ముందు కొన్నాళ్లు రకరకాల గరిటెలతో, కళ్లతో అంచనా వేయడం బిడ్డకు నేర్పించాలి. కంచం ఎదురుగా వచ్చాకే సూది వేసుకోవాలన్న నియమాన్ని మాత్రం మిశ్రమం వాడనివారు కచ్చితంగా పాటించాలి. వరసలో నిలబడి ఉండగా వేసుకుంటే, వంట ఆలస్యమైన రోజున అదే ప్రమాదమవుతుంది.

ఏ బాధ్యత ఎవరిది అన్నది వయసును బట్టి తేలాలి. పదేళ్లు దాటిన పిల్లల్లో చాలామంది సూది తామే వేసుకోగలరు, వేలు గుచ్చుకుని అంకె చూసుకోగలరు. ఆ అంకెను బట్టి ఎంత వేసుకోవాలో నిర్ణయించడం మాత్రం వేరే నైపుణ్యం, దానికి ఇంకొన్నేళ్లు పెద్దల తోడు కావాలి. చేయి సాఫీగా నడుస్తోంది కదా అని నిర్ణయం కూడా అప్పగించేయడం తొందరపాటు. చిన్నవాళ్లకు అన్నిటికన్నా ముందు నేర్పాల్సింది ఒక వాక్యం: ‘సార్, నాకు షుగర్ పడిపోతోంది, ఇప్పుడే తినాలి.’ ఆట మధ్యలో, అందరి ముందూ, గట్టిగా ఈ మాట చెప్పగలగడం బిడ్డకు రావాలంటే ఇంట్లో ఆ జబ్బు దాచుకోవాల్సిన విషయంగా పెరిగి ఉండకూడదు. ఆడపిల్లల విషయంలో పెళ్లి మాట తలచుకుని దాచే కుటుంబాల భయం నాకు అర్థం కాకపోలేదు, కానీ ఆ దాపరికం బరువు మొత్తం ఆ పిల్ల మీదే పడుతుంది. పక్క మంచం మీద పడుకునే ఒక్క స్నేహితురాలికైనా సంగతి తెలిసి ఉండాలి. నెలసరి రోజుల్లో అంకెలు పెరగవచ్చని, అవసరమైతే సూదికి కాస్త చాటు కావాలని మాట్లాడటానికి ఒక మహిళా వాలంటీరు ఉండాలి.

నిర్వాహకులతో మాటలు ఫీజు కట్టకముందే జరగాలి. డాక్టరు ఇచ్చిన డోసులు, పై నియమాలు, ఫోన్ నంబర్లు, దగ్గర్లోని ఆసుపత్రి వివరం ఒకే పేజీలో, తెలుగులో, అచ్చు వేయించి ఇవ్వాలి, ఇంగ్లీషులో ఉన్న ఆసుపత్రి ఫైలు వార్డెన్‌కు అర్ధరాత్రి ఉపయోగపడదు. పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్లలు, పండ్లు, నీళ్లు తీసుకెళ్లడానికి సీబీఎస్‌ఈ 2017లో అనుమతి ఇచ్చింది, బడిలో షుగర్ చూసుకోవడానికీ ఇన్సులిన్ వేసుకోవడానికీ ఈ పిల్లలను అనుమతించాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. ఇవి బడులకు సంబంధించినవే అయినా సందేహించే నిర్వాహకుడికి చూపించదగిన ఆధారాలు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల పరిస్థితి వేరు. అక్కడ 1925లో మిషిగన్‌లో మొదలై ఇప్పటివరకూ డాక్టర్లూ నర్సులతో నడిచే మధుమేహ క్యాంపులు ఉన్నాయి, మామూలు క్యాంపులు కూడా కేవలం మధుమేహం ఉందన్న కారణంతో బిడ్డను నిరాకరించకుండా 1990 నాటి వైకల్య హక్కుల చట్టం అడ్డుకుంటుంది. మతసంస్థలు నడిపే క్యాంపులకు మాత్రం అందులో మినహాయింపు ఉంది.

ఇవన్నీ కాగితం మీద బాగున్నా ఒకసారి నడిపి చూస్తేనే లోపాలు బయటపడతాయి. క్యాంపుకు నెల ముందు ఒక శనివారం బిడ్డను అమ్మమ్మగారింటికో బాబాయి ఇంటికో పంపి, పగలంతా ఆడించి, రాత్రి అక్కడే ఉంచి, ఆ ఒక్క పేజీని వాళ్ల చేతికిచ్చి, అమ్మ ఫోన్ చేయకుండా ఉండాలి. కాగితంలో ఏ వాక్యం అర్థం కాలేదో, అర్ధరాత్రి ఎవరు లేచారో, ఏ వస్తువు మర్చిపోయారో తెల్లారేసరికి తెలుస్తుంది. సామాను లెక్క కూడా అప్పుడే తేలుతుంది. రోజుకు ఎనిమిది నుంచి పది పరీక్షల చొప్పున వారానికి డెబ్బై స్ట్రిప్పుల వరకూ అవుతాయి కాబట్టి యాభైల డబ్బాలు రెండు కావాలి. చర్మానికి అంటించుకుని ఎప్పటికప్పుడు షుగర్ చూపే సెన్సర్ వాడేవారు కూడా మీటర్ తీసుకెళ్లాలి, చెమటకు సెన్సర్ ఊడిపోవచ్చు, దాని మీద ఒత్తిగిలి పడుకుంటే లేని తగ్గుదల చూపించవచ్చు, షుగర్ వేగంగా పడుతున్నప్పుడు అది కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. వాడిన సూదులు వేయడానికి గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కూడా ఉండాలి, డార్మిటరీలో వేరే పిల్లలు తిరుగుతారు.

ఆ వారం అంకెలు ఇంట్లో ఉన్నంత చక్కగా ఉండవు, ఉండాలని కోరుకోకూడదు కూడా. మామూలుగా 70 నుంచి 180 మధ్య లక్ష్యంగా పెట్టుకున్న డాక్టరే క్యాంపు రోజులకు కొంచెం పైకి అనుమతిస్తే అది పడిపోకుండా ఉండటానికే. ఫోన్‌లో సెన్సర్ అంకెలు చూస్తూ ప్రతి అరగంటకూ వార్డెన్‌కు ఫోన్ చేసే తల్లిదండ్రుల వల్ల నిజమైన అత్యవసర ఫోన్ కూడా విసుగుగా వినిపించే స్థితి వస్తుంది. రాత్రి భోజనం తర్వాత ఒక వేళ ఖాయం చేసుకుని, ఆ రోజు అంకెలు, మర్నాటి డోసు మాట్లాడుకోవడం సరిపోతుంది.

బిడ్డ తిరిగొచ్చిన రోజు రాత్రి కూడా రెండు గంటలకు లేచి షుగర్ చూడాలి. శ్రమ ప్రభావం ఇరవై నాలుగు గంటల వరకూ ఉంటుంది, చివరి రోజు ఆటల ఫలితం ఇంట్లో కనిపించవచ్చు. తగ్గించిన డోసును ఇంటికి రాగానే ఒక్కసారిగా పాత అంకెకు పెంచకుండా, అంకెలు చూసుకుంటూ కొద్దిరోజుల్లో తీసుకురావాలి, ఎందుకంటే కదలిక తగ్గగానే షుగర్ పెరగడం ఖాయమే అయినా ఎంత త్వరగా పెరుగుతుందన్నది బిడ్డను బట్టి ఉంటుంది. క్యాంపులో రాసుకున్న నోటుబుక్కును తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు ముందు పెట్టాలి. వచ్చే ఏడాది ఎంత తగ్గించి పంపాలో ఆ పేజీలను చూసి ఆయన అంచనా వేయగలరు.